ఎక్సెల్‌లో గళ్ల గీతలు లావుగా పెట్టడం: రొయ్యల గుంట షీటుతో

ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటల లెక్కలు చూస్తాను. గట్టు మీద రాసుకునే రోజువారీ షీటు ఎక్సెల్‌లో చేసి, ఒక ప్రింటు తీసి, మిగతావి జిరాక్స్ కొట్టించి కాపలావాళ్లకు ఇస్తాం. సన్న గీతలు ప్రింటులో బాగానే ఉంటాయి, జిరాక్స్‌లో సగం ఎగిరిపోతాయి. రాత్రి మేత వేసొచ్చి, తడి చేత్తో, టార్చి వెలుగులో రాసే మనిషి ఆరింటి మేతను పదింటి గడిలో రాస్తే అతన్ని అనడానికి లేదు. "అబ్బయ్యా, గీత యాడుందో కనపళ్ళేదే" అని మా దగ్గర పెద్దాయన అడిగింది న్యాయమే.

ముందు ఒకటి తెలుసుకోండి. ఎక్సెల్ తెరవగానే కనిపించే బూడిదరంగు గళ్లు బోర్డర్లు కావు, గ్రిడ్‌లైన్లు. అవి మామూలుగా ప్రింటులో పడవు.

తొందర పని అయితే గళ్లు సెలెక్ట్ చేసి, హోమ్ ట్యాబ్‌లో బోర్డర్స్ బొమ్మ పక్కనున్న బాణం నొక్కి, థిక్ అవుట్‌సైడ్ బోర్డర్స్ ఎంచుకోండి. చుట్టూ లావు గీత పడుతుంది, లోపలి గీతలు మారవు. కంట్రోల్, షిఫ్ట్, 7 కలిపి నొక్కినా చుట్టూ గీత వస్తుంది గానీ అది సన్నదే.

లోపలి గీతలు కూడా మీ ఇష్టప్రకారం రావాలంటే కంట్రోల్+1 నొక్కండి. ఫార్మాట్ సెల్స్ వస్తుంది, అందులో బోర్డర్ ట్యాబ్‌కి వెళ్లండి. ఎడమవైపు స్టైల్ పెట్టెలో గీతలు రెండు వరుసల్లో ఉంటాయి. కుడి వరుసలో కింద జంట గీత, దాని పైన అన్నింటికంటే లావుది, దాని పైన మధ్యరకం. చాలామంది ఆగిపోయేది ఇక్కడే: ముందు అవుట్‌లైన్ నొక్కి, తర్వాత లావు గీత ఎంచుకుని ఓకే కొడతారు. గీత సన్నగానే ఉండిపోతుంది. గీత ముందు, చోటు తర్వాత. లావుది ఎంచుకుని అవుట్‌లైన్ నొక్కండి, మళ్లీ మధ్యరకం ఎంచుకుని ఇన్‌సైడ్ నొక్కండి, అప్పుడు ఓకే. రంగు మార్చాలన్నా అంతే, చోటు నొక్కకముందే మార్చాలి. కింద ఒక్క గీతే కావాలంటే నమూనా బొమ్మలో కింది అంచు మీద నొక్కితే చాలు.

అన్నీ లావు చేస్తే మళ్లీ ఏదీ కనపడదు. మా షీటులో పగటి మేతలకు, రాత్రి మేతలకు మధ్య నిలువుగా ఒక లావు గీత. ఏడు రోజులకోసారి వల విసిరి కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో, చూస్తాం కాబట్టి ప్రతి ఏడో వరుస కింద అడ్డంగా ఒకటి. 100 కౌంట్ అంటే రొయ్య 10 గ్రాములు, 50 కౌంట్ అంటే 20 గ్రాములు. ఆ వారం ఎంత పెరిగిందో పై గీతకూ కింది గీతకూ మధ్య చూస్తే తెలిసిపోవాలి. అమావాస్య, పున్నమి వరుసలకు చుట్టూ పెట్టె కడతాం, రొయ్య గుల్ల విడిచే రోజులని మేత తగ్గిస్తాం గనక. ఒక వరుసకు పెట్టాక తర్వాతి వరుస సెలెక్ట్ చేసి ఎఫ్4 నొక్కితే అదే గీత మళ్లీ పడుతుంది, ఒక్కోదానికి తిరిగి తెరవనక్కర్లేదు.

పెట్టిన గీత మాయమైందంటే పక్క గడిని చూడండి. రెండు గళ్లకూ మధ్య అంచు ఒకటే, అక్కడ నో బోర్డర్ కొడితే ఇక్కడా పోతుంది. వేరేచోట నుంచి అతికించినా దాని గీతలు వెంట వస్తాయి. పేస్ట్ స్పెషల్‌లో ఆల్ ఎక్సెప్ట్ బోర్డర్స్ ఎంచుకుంటే మీ గీతలు భద్రం. తెరమీద ఉండి ప్రింటులో లేకపోతే పేజ్ సెటప్‌లో షీట్ ట్యాబ్ తెరిచి డ్రాఫ్ట్ క్వాలిటీ టిక్ తీసేయండి.

ఎక్సెల్‌లో థిక్‌ను మించిన లావు లేదు. ఇంకా కావాలంటే మధ్యలో ఒక ఖాళీ వరుస పెట్టి, దాని ఎత్తు 4కి తగ్గించి, నల్లరంగు నింపండి. లిబ్రేఆఫీస్ కాల్క్‌లో ఆ తిప్పలు లేవు, కంట్రోల్+1లో బోర్డర్స్ దగ్గర గీత వెడల్పు పాయింట్లలో మీరే ఇవ్వొచ్చు. గూగుల్ షీట్స్‌లో అయితే బోర్డర్స్ బొమ్మ నొక్కి, అందులోనే బోర్డర్ స్టైల్‌లో లావుది ఎంచుకుని, ఆ తర్వాత చోటు నొక్కాలి.