ఊగుతున్న కళ్ళజోడు కాడను ఇంట్లోనే బిగించడం

నాకు కళ్ళజోడు ఒంటిచేత్తో లాగేసే అలవాటు. అందుకే ఎప్పుడూ కుడి కాడే వదులవుతుంది. కూరగాయలు తరగడానికి వంగితే చాలు, జోడు ముక్కు మీదికి జారుతుంది.

బిగించడానికి చాకు మొన వాడకండి. నేను వాడాను. స్క్రూ తలమీది గాడి అరిగిపోయి, చివరికి షాపుకే పరిగెత్తాను. వాచీలు బాగుచేసే సన్న స్క్రూడ్రైవర్ల సెట్టు ఒకటి కొనుక్కోండి. కొన్ని స్క్రూలకు ప్లస్ గాడి ఉంటుంది, ముందే చూసుకోండి.

బల్ల మీద తెల్ల తువ్వాలు పరవండి. ఆవగింజంత స్క్రూ నేల మీద పడితే ఇక దొరికినట్టే! కాడను సగం మడిచి, కీలు రంధ్రాలు ఒకే వరసలోకి వచ్చాక స్క్రూను కుడివైపుకు మెల్లగా తిప్పండి. బిగుసుకోగానే ఆగి, కాడను తెరిచి మూయండి. దానంతట అది పడిపోకుండా, వేలితో తోస్తే కదలాలి. అంతకుమించి బిగించొద్దు.

వారానికోసారి వదులవుతుంటే స్క్రూ తీసి తుడిచి, మరలకు రంగులేని నెయిల్ పాలిష్ అగ్గిపుల్లతో రవ్వంత రాసి బిగించండి. అద్దాలకు అంటనివ్వకండి, గంటసేపు ఆరనివ్వండి. ఇన్‌స్టంట్ గమ్ము జోలికి మాత్రం పోవద్దు. కీలు అతుక్కుపోతుంది, దాని ఆవిరికి అద్దాలు తెల్లబడతాయి.

స్క్రూ పూర్తిగా పోయిందా? పాత వైరులోంచి రాగితీగ తీసి దూర్చి మెలిపెట్టండి, ఆ పూట ఆఫీసు గడుస్తుంది. అంచుల్లేని జోళ్ళకు అద్దంలోనే రంధ్రం ఉంటుంది, ఎక్కువ బిగిస్తే పగులుతుంది. వాటిని మాత్రం నేనూ షాపులోనే ఇస్తాను.