ఫ్రీ జంపింగ్‌కు కర్రలు, అడ్డాలు ఎట్లా పెట్టాలె

జీను, కళ్ళెం, మీద సవారీ ఏదీ లేకుండా గుర్రంతో వరసగా మూడు అడ్డాలు దూకించడమే ఫ్రీ జంపింగ్. కొలత తప్పితే సర్దడానికి పైన మనిషి ఉండడు, అందుకే సగం పని టేపుదే. మూడేళ్ళు నిండని పిల్ల గుర్రాన్ని దీనికి తేవద్దు.

ముందు నేల. నల్లగొండ, పాలమూరు చెలకల ఎర్రమన్ను ఎండాకాలంలో గచ్చులెక్క గట్టిపడుతుంది. ట్రాక్టరుతో రెండు సాళ్ళు దున్నించి, రాళ్ళు ఏరి, పైన మూడు నాలుగు అంగుళాల ఇసుక పరవండి. అంతకు మించితే కాలి వెనక నరాలు పీక్కుంటాయి. రేగడి నేల అయితే వాన పడిన వారం దాకా దూకించడం మానుకోవడమే మేలు.

మైదానం పొడుగు వైపున పది పన్నెండు అడుగుల వెడల్పుతో దారి కట్టాలి. పక్కల ఎత్తు ఐదడుగులకు తగ్గొద్దు. ఇక్కడ చాలా చోట్ల హద్దుకు రాతి కడీలు, ముళ్ళ తీగ ఉంటాయి. తీగ తీసేయండి. కడీలకు లోపలి వైపు గోనె సంచులు చుట్టి, వెదుర్లు రెండు వరసలు అడ్డంగా కట్టి, గ్రీన్ నెట్ వేయండి. ఉత్త తాడు కడితే గుర్రం కంటికి ఆనదు, నేరుగా దూసుకుపోతుంది. మొదటి అడ్డానికి ముందు నలభై అడుగులు, చివరి దాని తర్వాత యాభై అడుగులు ఖాళీ ఉంచాలి.

స్టాండ్లు ఎనిమిది, కర్రలు పన్నెండు కావాలి. జామాయిల్ లేదా సర్వి కట్టె, నాలుగు అంగుళాల మందం, పదడుగుల పొడవు, బెరడు తీసినది. వెదురు తేలిక, కానీ విరిగితే చీలి కాలికి గుచ్చుకుంటుంది. రంగు తెలుపు, నీలం పట్టీలు వేయండి. గుర్రానికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు, గ్రీన్ నెట్ పక్కన ఆకుపచ్చ కర్ర కలిసిపోతుంది. కర్రను మేకు కొట్టో, తాడుతో బిగించో పెట్టకండి. స్టాండుకు తగిలించి కర్రను ఆనించే కప్పు అంగుళం లోతు చాలు, కాలు తగిలితే కర్ర పడాలి. వాడని కప్పులు స్టాండ్లకు వదిలేయొద్దు.

రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ సైజుకు కొలతలివి: నేల మీద ఒక కర్ర, దానికి తొమ్మిది అడుగుల్లో ఇంటూ గుర్తులెక్క పెట్టిన రెండు కర్రల క్రాస్ (నడిమి ఎత్తు అడుగున్నర), అక్కడి నుంచి 22 అడుగుల్లో నిటారు అడ్డం (రెండున్నర అడుగులు), ఆపై 24 అడుగుల్లో ఆక్సర్ (ముందొకటి, వెనకొకటి కర్రల వరసతో వెడల్పుగా ఉండే అడ్డం). మధ్యలో ఒక్కొక్క అంగ పడుతుంది. మార్వాడీ, కఠియావాడీ లాంటి పొట్టి గుర్రాలకు ఇరవైన్నర, 22 సరిపోతాయి. ఎత్తు తక్కువున్న మొదట్లో ఇంకో అడుగు తగ్గించండి. ఆక్సర్ వెనక కర్ర ఒక్కటే, చదును కప్పులో, ముందు దానికంటే రెండు మూడు అంగుళాలు ఎత్తులో ఉండాలి. వెనక వైపు నుంచి ఎప్పుడూ దూకించొద్దు. దిశ మార్చాలంటే మొత్తం విప్పి కట్టాల్సిందే.

అన్నీ ఒకేసారి లేపకండి. తొలుత కర్రలన్నీ నేల మీదే, తర్వాత క్రాస్, తర్వాత ఒక్కొక్కటి.

టేపు మొదటి మాట, గిట్టల అచ్చు చివరి మాట. ప్రతి రెండు సార్లకు ఇసుక చదును చేసి చూడండి. రెండున్నర అడుగుల నిటారు అడ్డానికి మూడు నుంచి నాలుగున్నర అడుగుల ముందు లేస్తే బాగుంది. రెండడుగుల దగ్గర అచ్చు లోతుగా దిగి, కర్ర ముందుకాళ్ళకు తగులుతుంటే దూరం ఇరుకు, అరడుగు పెంచండి. ఆరడుగుల నుంచే లేచి చదునుగా ఎగిరితే అరడుగు తగ్గించండి. ఉరికురికి వస్తుంటే మాత్రం కొలతలు కదపకండి. నిటారు అడ్డానికి ముందున్న దూరం నడుమ నేల మీద ఒక కర్ర పెడితే అంగ కుదుటపడుతుంది.

మనుషులు ముగ్గురు: మొదట్లో ఒకరు, నడుమ కొరడాతో ఒకరు, చివర ఉలవల డబ్బాతో ఒక సైసు (గుర్రాలను చూసుకునే మనిషి). కొరడా దారి చూపడానికే, కొట్టడానికి కాదు. ముందుకాళ్ళకు బూట్లు తొడిగి, పది పదిహేను నిమిషాలు నడక, ట్రాట్ (మెల్లటి పరుగు) చేయించాకే దారిలోకి వదలాలి. ఎనిమిది పది సార్లు దూకితే చాలు, వారానికి ఒక్కరోజే. మార్చి దాటితే పొద్దున ఎనిమిదికల్లా ముగించండి. అయిపోయాక కర్రలను నేల మీద వదిలేస్తే చెదలు పడతాయి, ఇటుకల మీద పేర్చండి.