ఎంజీబీకి సిల్స్, ఫెండర్లు ఎక్కించే వరుస

కొత్త ఫెండర్ (చక్రం మీద కప్పే రేకు) బిగించాక డోరు పక్కన పైన రేకు రాసుకుంటూ, కింద వేలు దూరేంత సందు వస్తుందంటే, చాలాసార్లు కారణం పని చేసిన వరుసలోనే ఉంటుంది. 1962 నుంచి 1980 దాకా తయారైన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి విడిగా చాసిస్ లేదు. ఓపెన్ మోడల్ అయితే పైకప్పు బలమూ ఉండదు. డోర్ల కింద పోయే సిల్సే బాడీకి వెన్నెముక. అలాంటి మరో బ్రిటిష్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కు కింద చాసిస్ ఉంది కదా అని ధీమా పడొద్దు, దాని సిల్స్ కూడా బరువు మోసేవే. అదే కుటుంబానికి చెందిన, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మాత్రం చాసిస్ నుంచి పక్కలకు చేతులు వచ్చి బాడీని పట్టుకుంటాయి.

గ్రైండర్ పట్టే ముందు డోరు తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. ఆడుతోందంటే కబ్జాల పిన్నులు అరిగాయి, అవి మార్చాకే కొలతలు తీయాలి. కబ్జాలు గట్టిగానే ఉండి, డోరు మూస్తే పైన గ్యాప్ ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే బాడీ నడుము కుంగినట్టే. ఆ స్థితిలో కొత్త సిల్ వెల్డ్ చేస్తే ఆ కుంగుడు శాశ్వతమైపోతుంది.

అందుకే బండి చదునైన నేల మీద తన చక్రాల మీదే నిలబడాలి, లేదా ముందు క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్‌ను పట్టుకునే అడ్డదూలం), వెనక యాక్సిల్ కింద స్టాండ్లు ఉండాలి. నడుము కింద జాకీతో కొద్దికొద్దిగా లేపుతూ డోరు గ్యాప్ పైనా కిందా సమానం అయ్యేదాకా చూడాలి. అప్పుడు 25 మి.మీ. చదరపు పైపుతో కబ్జాల పిల్లర్ నుంచి తాళం పిల్లర్‌కు అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి టాక్ వేయండి, అంటే చిన్న చుక్కలుగా తాత్కాలికంగా వెల్డ్ చేయండి. పైపు లోపలి వైపుకు ఉండాలి, లేకపోతే డోరు మూసి చూడలేరు. పని మొత్తం ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోండి.

ఎంజీబీ సిల్ ఒక్క రేకు కాదు. లోపలి సిల్, మధ్యలో నిలువు రేకు, బయటి సిల్, వాటి అడుగున పొడవునా పోయే రేకు (క్యాజిల్ రైల్) కలిస్తేనే పెట్టెలా బలం వస్తుంది. బయటి సిల్ ముందు ఫెండర్ వెనక్కీ, వెనక ఫెండర్ లోపలికీ పోతుంది. డోరు కింద కనిపించేంత ముక్క కోసి దాని మీద మరో రేకు అతికిస్తే లోపలి జంగు అలాగే ఉంటుంది, బలమూ రాదు. ముందు ఫెండర్ బోల్టులదే కాబట్టి విప్పేయండి. వెనకది వెల్డింగ్‌ది, దాని కింది భాగం కోయక తప్పదు.

వెల్డింగ్‌కు 0.6 మి.మీ. తీగతో మిగ్ (తీగ దానంతటదే వచ్చే గ్యాస్ వెల్డింగ్) మిషన్, ఆర్గాన్-సీఓటూ మిశ్రమం వాడండి. ట్రాక్టర్ ట్రాలీలు కట్టే షాపులో ఆర్క్ రాడ్‌తో చేయిస్తే సుమారు 0.9 మి.మీ. రేకుకు బొక్కలు పడతాయి. కొత్త రేకు అంచుకు 6 నుంచి 8 మి.మీ. బొక్కలు, 30–40 మి.మీ.కు ఒకటి వేసి, వాటిని వెల్డ్‌తో నింపాలి. రెండు రేకులు కలిసే చోట ముందే జింక్ వెల్డింగ్ ప్రైమర్ పూయాలి. అంచుకు అంచు కలిపేచోట 10–15 మి.మీ. అతికి, దూరంగా మరోచోటికి పోవాలి. ఒకే దగ్గర వరుసగా లాగితే రేకు వేడికి ముడుచుకుంటుంది. వోల్టేజీ ఎక్కువతక్కువ అయ్యే ఊళ్లలో ప్రతి విడతకూ ముందు తుక్కు రేకు మీద సెట్టింగ్ చూసుకోవడం అవసరం.

ఇక గ్యాప్‌ల సంగతి. వెనక నుంచి ముందుకు రావాలి. వెనక ఫెండర్‌కు డోరు, డోరుకు ముందు ఫెండర్, చివరగా బానెట్. కొత్త డోరు రబ్బరు పెట్టే ట్రయల్ చూడండి, ఎందుకంటే అది డోరును బయటికి తోస్తుంది. పెయింట్ అయ్యాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. 4.5 మి.మీ. డ్రిల్ బిట్ వెనక భాగాన్ని గ్యాప్ పొడవునా జరిపి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఫెండర్ బోల్టులన్నీ ముందు వదులుగా ఎక్కించి, డోరు అంచుకు కుదిరాకే బిగించండి. లోతు తేడా ఉంటే బోల్టు కింద పలచటి వాషర్లు పెట్టాలి. పుట్టీతో అంచు పెంచితే డోరు రెండుసార్లు గట్టిగా వేయగానే రాలిపోతుంది.

కొత్త ప్యానెల్ నల్లరంగును థిన్నర్ గుడ్డతో రుద్దండి. ఊడివస్తే అది దారిలో జంగు పట్టకుండా పూసింది మాత్రమే, పూర్తిగా తీసేయాలి. రేకు బయటపడ్డాక నీళ్లతో తోమొద్దు. నల్గొండ వైపు బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరక వదులుతాయి, ఆ లవణాలు ప్రైమర్ కింద ఉండిపోతే వానాకాలంలో బొబ్బలు లేస్తాయి. పొడి ఎమరీతోనే చేసి డీగ్రీజర్‌తో తుడవండి. పాలమూరు ఏప్రిల్ ఎండలో ప్రైమర్ కొడితే స్లో (నెమ్మదిగా ఆరే) థిన్నర్ కలపాలి, మామూలుది రేకును చేరేలోపే ఆరి పొడిపొడిగా పడుతుంది.

పెయింట్ ఆరాక సిల్ లోపలికి పొడవాటి నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (లోపల జంగు పట్టకుండా కొట్టే మైనం) కొట్టి, కింది నీటి రంధ్రాలు మూసుకుపోయాయేమో తీగ దూర్చి చూడండి.