క్వీన్స్‌లో మా గదికి రిజిస్ట్రేషన్ నంబర్ ఎలా వచ్చిందంటే

న్యూయార్క్‌ నగరంలోని క్వీన్స్‌ ప్రాంతంలో మా ఇంట్లో ఒక గదిని నాలుగైదు రోజులకు అద్దెకిచ్చేవాళ్ళం. 2023 సెప్టెంబర్‌లో నగరం లోకల్ లా 18 అనే అద్దెల చట్టం అమలు మొదలుపెట్టాక, 30 రోజులలోపు బసకు రిజిస్ట్రేషన్ నంబర్ లేకపోతే వెబ్‌సైట్లు బుకింగ్ తీసుకోవడం మానేశాయి. 145 డాలర్లు కట్టి దరఖాస్తు పెట్టాను. ఆగిపోయింది. తప్పు నాదే: ఇంటి ప్లాన్ గీశాను గానీ, బయటికి వెళ్ళే దారులు చూపలేదు. మా అమ్మాయి గ్రాఫ్ పేపర్ మీద మళ్ళీ గీసి, బాణాలు పెట్టింది. గది తలుపు తాళం కూడా తీయించాను, లోపలి గదులకు అతిథులు తాళం వేసుకోకూడదు. అతిథులు ఇద్దరికి మించకూడదు, మనమూ ఇంట్లోనే ఉండాలి. అందుకే వేసవిలో ఇండియా వెళ్ళే నెల, గిరాకీ అంతా అప్పుడే కదా, క్యాలెండర్ మూసేస్తున్నాను. నంబర్ మాత్రం వచ్చింది.