కొరియన్ క్వాబేగి ఇంట్లో వేసే ముందు

ఈ చలికి మెలిక డోనట్లు వేద్దామనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

- పాలు గోరువెచ్చగానే ఉండాలి. మరీ వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది, ఆ తర్వాత ఎంతసేపు మూతపెట్టి కూర్చున్నా పిండి పొంగదు, అంతా చెత్తబుట్టకే. పాలలో ఈస్ట్, పంచదార వేసి కలిపాక 10 నిమిషాల్లో నురగ రాలేదా, మైదా జోలికి వెళ్లకండి.

- పొంగిన పిండిని తాడులా పామి, రెండు కొసల్నీ ఎదురెదురుగా తిప్పి పైకెత్తితే దానంతటదే మెలిపడుతుంది. ముడుచుకుపోతుంటే లాగొద్దు, కాసేపు వదిలేయండి. కొసలు గట్టిగా నొక్కకపోతే నూనెలో విచ్చుకుంటాయి.

- ఒక్కోటీ బటర్ పేపర్ ముక్క మీదే మళ్లీ పొంగనివ్వండి. వేళ్లతో ఎత్తితే గాలి పోయి అణిగిపోతాయి, పేపర్‌తోనే తెచ్చి మెల్లగా జార్చాలి.

- నూనె 170 డిగ్రీలు చాలు. పొగలొస్తే పైన మాడు, లోపల పచ్చిపిండి.

- డోనట్లు కాస్త వెచ్చగా ఉండగానే పంచదార, దాల్చినచెక్క పొడి అద్దండి. చల్లారితే అంటదు.