కార్వింగ్‌కి గట్టి స్నోబోర్డ్ బూట్లు ఎలా ఎంచుకోవాలి? హైదరాబాద్‌లో ఉండి కొనేవాళ్ల కోసం

స్నోబోర్డు మీద పడకుండా మలుపులు తిరగడం వచ్చాక చాలామంది మనసు కార్వింగ్ మీదికి పోతుంది. బోర్డు అడ్డంగా గీసుకుపోకూడదు. దాని అంచు మంచులో దిగి, వెనక ఒక సన్నని గీత మాత్రమే మిగలాలి. ఇది కుదరనప్పుడు చాలామంది బోర్డు మార్చాలనుకుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది బూట్లు. బూట్లలో కూడా గట్టిదనం కన్నా ముందు చూడాల్సింది మడమ పట్టు. మడమ లోపల కదులుతుంటే ఎంత ఖరీదైన గట్టి బూటైనా దండగే.

ఒలింపిక్స్‌లో పారలల్ జెయింట్ స్లాలమ్ (ఇద్దరు పక్కపక్కనే జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం) ఆడేవాళ్లు వేసుకునేవి ప్లాస్టిక్ షెల్ (బయటి తొడుగు) ఉన్న హార్డ్ బూట్లు. వాటికి ప్లేట్ బైండింగులు (బూటును బోర్డుకు పట్టి ఉంచేవి బైండింగులు) కావాలి, మామూలు అద్దె బోర్డుతో పని జరగదు. ఇక్కడ మాట్లాడుతున్నది స్ట్రాప్ బైండింగుల్లో ఇమిడే సాఫ్ట్ బూట్ల గురించి. వీటిలోనూ బాగా మెత్తవి ఉన్నాయి, బాగా గట్టివీ ఉన్నాయి.

ఎంత గట్టిది కావాలో ముందే తేల్చుకోండి

కంపెనీలు బూటు గట్టిదనాన్ని ఫ్లెక్స్ పేరుతో సాధారణంగా 1 నుంచి 10 అంకెల్లో చెప్తాయి. కార్వింగ్ కోసం వెతికేవాళ్లు చూసేవి ఎక్కువగా 8 నుంచి 10. బర్టన్ డ్రైవర్ ఎక్స్, రైడ్ ఇన్‌సానో, కే2 థ్రాక్సిస్, సాలొమన్ మలమ్యూట్ ఈ గట్టి వర్గంలో బాగా వినిపించే పేర్లు. అయితే ఈ అంకెకు అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. ఒక కంపెనీ 8 ఇంకో కంపెనీ 8 కన్నా మెత్తగా ఉండొచ్చు. ఒకే కంపెనీ మోడళ్లను పోల్చుకోవడానికే దాన్ని వాడండి.

గట్టిదనం ఎందుకంటే, మీరు కాలు వంచిన మరుక్షణం ఆ ఒత్తిడి బోర్డు అంచుకు చేరాలి. వేళ్ల వైపు మలుపులో కాలి ముందు ఎముక బూటు టంగ్‌ని (ముందున్న నాలుక లాంటి భాగాన్ని) నెడుతుంది. మడమ వైపు మలుపులో బూటు వెనక భాగం బైండింగ్ హైబ్యాక్‌ని (వెనక నిలబడి ఉండే పలకని) నెడుతుంది. బూటు మెత్తదైతే ఆ నెట్టుడులో కొంత బూటు వంగడానికే పోతుంది, అంచు ఆలస్యంగా దిగుతుంది. అలాగని మరీ గట్టిదైతే చీలమండ వంగదు, మీరు కిందికి కూర్చోలేరు, నిటారుగా ఉండిపోయి మలుపు మధ్యలో జారిపోతారు. బరువు కూడా లెక్కే: 85 కిలోల మనిషి తేలిగ్గా వంచే బూటు 55 కిలోల మనిషికి చెక్కలా అనిపిస్తుంది.

ఏడాదికి ఒక వారం గుల్మార్గ్‌కో ఔలీకో వెళ్లొచ్చేవాళ్లకు 7 చాలని నా అభిప్రాయం. మలుపులే ఇంకా సరిగ్గా కలవనివాళ్లు 9 జోలికి వెళ్లొద్దు. గట్టి బూటు చిన్న తప్పును కూడా అంచుకు చేరవేస్తుంది, నేర్చుకునేటప్పుడు అది ఒంటికి మంచిది కాదు.

పాదం కొలవండి, షూ నంబర్ పక్కన పెట్టండి

మన దగ్గర షూ పెట్టెల మీద ఎక్కువగా యూకే సైజు ఉంటుంది. స్నోబోర్డ్ బూట్లు ఎక్కువగా అమెరికా సైజులో అమ్ముతారు. రెండింటికీ మగవాళ్ల సైజుల్లో దాదాపు ఒకటి తేడా. ఈ గందరగోళం లేకుండా మోండో సైజు చూడండి. అది పాదం పొడవే, సెంటీమీటర్లలో. పాదం 27 సెంటీమీటర్లుంటే మోండో 27. చాలా బ్రాండ్లలో అది అమెరికా మగవాళ్ల సైజు 9.

గోడకు మడమ ఆనించి, కాగితం మీద పూర్తి బరువుతో నిలబడి, అన్నిటికన్నా పొడవైన వేలి దగ్గర గీత పెట్టండి. కొందరికి బొటనవేలి కన్నా రెండో వేలు పొడవుగా ఉంటుంది, అది మరవొద్దు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. సాయంత్రం కొలవమని అందరూ చెప్తారు, ఎందుకంటే రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది. కానీ ఏప్రిల్ ఎండలో తిరిగొచ్చి వెంటనే కొలిస్తే మన పాదం మంచు కొండ మీద ఉండే పాదం కాదు. కాసేపు ఏసీలో కూర్చున్నాక కొలవండి.

వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు కూడా రాసుకోండి. ఏళ్లుగా చెప్పులతోనే తిరిగినవాళ్లలో చాలామందికి ముందుపాదం పరుచుకుని ఉంటుంది. అలాంటివాళ్లు పొడవులో ఒక సైజు పెంచి సర్దుకుంటారు. కార్వింగ్‌కి అది పనికిరాదు, ఎందుకంటే వేళ్లకు చోటు దొరికినా మడమ వదులైపోతుంది. కొన్ని మోడళ్లకు విడిగా వైడ్ రకం ఉంటుంది, అదే వెతకండి.

తొడుక్కుని చూడటం

ఈ మెట్టుకు ఎంత సమయమైనా ఇవ్వండి. ఒక్క జత సన్నటి ఉన్ని సాక్సులే వేసుకోండి. చలికి భయపడి మందపాటివో రెండు జతలో వేసుకుంటే పాదం లోపల జారుతుంది, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

మడమను నేలకు రెండు మూడుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టాకే బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు లైనర్ (బూటు లోపలి మెత్తటి తొడుగు) చివరకు తగలాలి. మోకాళ్లు వంచగానే అవి కాస్త వెనక్కి రావాలి. నిలబడ్డప్పుడే వేళ్ల ముందు ఖాళీ ఉంటే బూటు పెద్దదన్నట్టే. లైనర్ కొన్ని రోజుల వాడకంలో అణిగి ఇంకా చోటు ఇస్తుంది కాబట్టి, కొత్తలో హాయిగా ఉన్న బూటు త్వరలోనే వదులవుతుంది.

ఇప్పుడు మునివేళ్ల మీద లేవండి. బూటు నేలను వదిలే ముందే లోపల మడమ లేస్తోందా? మెట్టు అంచు మీద ముందుపాదం పెట్టి మడమను కిందికి దించి, పైకి లేపి కూడా చూడండి. వెంట్రుకవాసి కదిలితే ఫరవాలేదు. స్పష్టంగా లేస్తే ఆ జతను పక్కన పెట్టేయండి, ఎంత తగ్గింపులో దొరికినా సరే.

తర్వాత వంపు. మోకాళ్లను వేళ్ల మీదుగా ముందుకు నెట్టండి. మీ బరువుతో టంగ్ నిదానంగా, గట్టి స్ప్రింగులా వంగి వెనక్కి తోయాలి. చీలమండ దగ్గర షెల్ మడత పడిపోతే అది మెత్తది. అసలు వంగకపోతే మీకు మరీ గట్టిది. ప్లాస్టిక్ చలికి బిగుసుకుంటుంది, 32 డిగ్రీల గదిలో ఇష్టంగా వంగిన బూటు సున్నా కింద అంతగా వంగదు. పక్కలకు మాత్రం కొంచెం ఆట ఉండనివ్వండి, మోకాళ్లను మలుపు లోపలికి వాల్చడానికి అది కావాలి.

అలాగే అరగంటైనా ఇంట్లో తిరగండి. అంతటా సమానంగా బిగుతుగా ఉంటే మంచిదే. ఒక్కచోట గుచ్చుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా ఆ జత వద్దు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్ మంచులో ఆడుకోవడానికే, కార్వింగ్ బూట్లు పరీక్షించే వాలు కాదు. ఇంటి టైల్స్ మీద చేసే ఈ పరీక్షే మీకు దిక్కు.

బిగించే పద్ధతి

సాదా లేసులు, లాగి బిగించే స్పీడ్ లేసులు, చక్రం తిప్పే బోవా: ఈ మూడే ఎక్కువ. ఒకే చక్రం ఉన్న బోవాలో పాదం, కాలు కలిపి ఒకేసారి బిగుస్తాయి, మడమను విడిగా పట్టడం కుదరదు. రెండు చక్రాలదో సాదా లేసులదో తీసుకోండి. బోవా కొంటే విడి కేబుల్ ఒకటి సంచిలో వేసుకోండి, కొండ మీద తెగితే దొరుకుతుందన్న నమ్మకం లేదు. స్ట్రాపులు లేకుండా తొక్కితే బిగుసుకునే స్టెప్ ఆన్ బూట్లు వాటి సొంత బైండింగుల్లోనే దిగుతాయి. గుల్మార్గ్‌లో బోర్డు అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే వాటి జోలికి వెళ్లకండి.

బూటు బయటి పొడవు మరవొద్దు

మామూలుగా జారేవాళ్లు దీన్ని పట్టించుకోరు, కార్వింగ్‌లో మాత్రం ఇదే పడేస్తుంది. బోర్డు బాగా వాలినప్పుడు అంచు దాటి బయటికొచ్చిన బూటు ముక్కు మంచుకు తగిలి అంచును లేపేస్తుంది. 27 సెంటీమీటర్ల పాదానికి బూటు బయటి పొడవు 30 దాకా ఉండొచ్చు. చాలా బోర్డుల నడుము (మధ్యలో సన్నటి చోట వెడల్పు) 25 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. బైండింగును 0 డిగ్రీల్లో పెడితే ఆ 30 సెంటీమీటర్లూ అడ్డంగా పడతాయి. 30 డిగ్రీలు తిప్పితే అడ్డంగా పడేది 26 మాత్రమే. అందుకే కార్వింగ్ చేసేవాళ్లు రెండు పాదాలనూ ముందువైపు తిప్పుకుంటారు. ఒకే సైజులోనూ బయటి పొడవు బ్రాండును బట్టి మారుతుంది. పొట్టి అడుగు, పైకి తేలిన ముక్కు ఉన్నది ఎంచుకోండి. బైండింగ్ కూడా గట్టిదే ఉండాలి. మెత్తటి హైబ్యాక్ మీద గట్టి బూటు పెట్టి లాభం లేదు.

తెప్పించుకునేటప్పుడు

ఈ రకం బూట్లను తొడుక్కుని చూసి కొనడం హైదరాబాద్‌లో కష్టం. అమెరికాలో ఉన్న అక్కో, బాబాయి కొడుకో తెస్తామంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో చెప్పండి. సీజన్ అయిపోతుంటే అక్కడ ధరలు తగ్గుతాయి. పక్కపక్క సైజుల్లో రెండు జతలు తెమ్మని, ఒకటి వాపసు ఇవ్వొచ్చని అనుకుంటే వాపసు గడువు ముందే కనుక్కోండి. వాళ్లు ఇండియా వచ్చి వెళ్లేలోపు అది దాటిపోవచ్చు. శంషాబాద్ నుంచి శ్రీనగర్‌కు ఎగిరేటప్పుడు బూట్లను చేతి సంచిలోనే పెట్టుకోండి. బోర్డు ఆలస్యంగా వచ్చినా అద్దెకు దొరుకుతుంది, మీ పాదానికి కుదిరిన బూటు దొరకదు.

మడమ ఇంకా కాస్త లేస్తుంటే

ముందు ఇన్‌సోల్ మార్చండి. బూటుతో వచ్చేది సాధారణంగా పలచని ఫోమ్ ముక్క. చదునైన పాదాలున్నవాళ్లకు అరికాలి వంపును ఆపే గట్టి ఇన్‌సోల్ వేస్తే పాదం లోపలికి ఒరగడం తగ్గి, మడమ తన చోట కూర్చుంటుంది. చీలమండ ఎముకల వెనక, లైనర్‌కు బయటివైపు అంటించే జె ఆకారపు ఫోమ్ ముక్కలు కూడా బాగా పనిచేస్తాయి. లైనర్‌ను వేడిచేసి పాదం ఆకారానికి తేవడం ఆఖరి మార్గం. అది తెలిసిన దుకాణంలోనే చేయించండి, ఇంట్లో ఓవెన్‌తో ప్రయోగాలు వద్దు.

ఇంటికొచ్చాక

లైనర్, ఇన్‌సోల్ బయటికి తీసి ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. స్లాబు కింద వేడెక్కే అటక మీద, మే నెలలో కారు డిక్కీలో బూట్లు వదిలేస్తే జిగురు ఊడుతుంది. వానాకాలంలో సంచిలో మూసి ఉంచితే బూజు పడుతుంది. లేసులు కొంచెం బిగించి ఆకారం నిలిచేలా బీరువా కింది అరలో, గాలి తగిలేలా పెట్టండి. ప్రతి సీజన్ ముందు బయటికి తీసి అదే మునివేళ్ల పరీక్ష, అదే వంపు పరీక్ష మళ్లీ చేయండి. చీలమండ దగ్గర షెల్ మడత పడుతుంటే కొత్త జత చూసుకోవాల్సిందే.