బేస్‌మెంట్ గదిలో సగంలో ఆగిన వైరింగ్: డ్రైవాల్ వేసేలోపు తేల్చుకోవలసిన సమస్యలు

అమ్మావాళ్ళు వేసవికి వస్తున్నారు, ఈలోపు బేస్‌మెంట్‌లో ఒక గది వేసేద్దాం అనుకుని కిందికి దిగితే ముందు కంటపడేది స్టడ్‌ల (డ్రైవాల్ అనే జిప్సం పలకలు బిగించే నిలువు చెక్కలు) మధ్య వేలాడుతున్న వైర్లు. న్యూజెర్సీ, వర్జీనియా, ఒహాయో, ఇల్లినాయ్ వైపు ఇల్లు కొన్న మనవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన దృశ్యమే. డాలస్ వైపు ఇళ్ళకు బేస్‌మెంట్ అరుదు కాబట్టి వాళ్ళకు ఈ టెన్షన్ తక్కువ. మా ఇంట్లో ముందు యజమాని సగం పని చేసి వదిలేశారు. ఆ సగాన్ని అర్థం చేసుకోవడానికి నాకు రెండు వారాంతాలు పట్టింది. అప్పుడు ఎదురైనవి, తర్వాత స్నేహితుల ఇళ్ళలో చూసినవి ఇక్కడ రాస్తున్నాను.

మొదట రంగుల సంగతి

ఇండియాలో పాత అలవాటు ప్రకారం నల్ల వైరు న్యూట్రల్. ఎరుపు, పసుపు, నీలం ఫేజు, ఆకుపచ్చ ఎర్తు. అమెరికాలో నల్లదే ఫేజు, తెల్లది న్యూట్రల్, తొడుగు లేని రాగి తీగ ఎర్తు. మూడో వైరుగా ఎరుపు ఉంటే అదీ ఫేజే. చిన్నప్పటి నుంచి "నల్లది పట్టుకున్నా ఏమీ కాదు" అని విన్నవాళ్ళు ఇక్కడ ఆ మాట పూర్తిగా మరచిపోవాలి. తెల్లదాన్నీ నమ్మకండి. పాత స్విచ్‌లకు వెళ్ళే కేబుల్‌లో తెల్ల వైరునే ఫేజుగా వాడిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

ఏ వైరు ముట్టుకునే ముందైనా టెస్టర్‌ను కరెంటు ఉందని తెలిసిన అవుట్‌లెట్‌లో చూడండి, తర్వాత మీ వైరు మీద చూడండి, మళ్ళీ ఆ అవుట్‌లెట్‌లో చూడండి. టెస్టర్‌లో బ్యాటరీ అయిపోతే అన్ని వైర్లూ చచ్చినట్టే కనిపిస్తాయి.

సమస్య: కేబుల్ వేలాడుతోంది, ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు

కారణాలు సాధారణంగా మూడు. బిల్డర్ ముందుచూపుతో ఒక కేబుల్ లాగి ఉంచడం, పాత యజమాని పని మధ్యలో ఆపడం, లేదా ఏదో లైటు తీసేసి దాని వైరును అలాగే వదిలేయడం. మూడోదే ప్రమాదం. ఎందుకంటే పైన ఎక్కడో ఒక స్విచ్ వేస్తే దానిలో కరెంటు వస్తుంది. మీరు పరీక్షించినప్పుడు ఆ స్విచ్ ఆఫ్‌లో ఉంటే మోసపోతారు. అందుకే పరీక్షించేటప్పుడు ఇంట్లోని స్విచ్‌లన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూడాలి, ముఖ్యంగా మెట్ల దగ్గర రెండు వైపులా ఉండేవి.

కరెంటు ఉన్న కేబుల్ అయితే ఒకరు ప్యానెల్ (ఇంటి బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) దగ్గర బ్రేకర్లు ఒక్కొక్కటీ ఆపుతుంటే ఇంకొకరు టెస్టర్ పట్టుకుని చూస్తే ఏ సర్క్యూటో దొరుకుతుంది. ప్యానెల్ తలుపు మీద రాసిన పేర్లను నమ్మవద్దు. మా ఇంట్లో "బేస్‌మెంట్ లైట్లు" అని రాసిన బ్రేకర్ నిజానికి గ్యారేజీది. కరెంటు లేని కేబుల్ అయితే రెండు చివరలూ విడిగా ఉన్నాయని, ఏదీ ఎక్కడా కలపలేదని చూసుకుని, ఒక చివర నల్లదీ తెల్లదీ కలిపి మెలిపెట్టండి. రెండో చివర అనుకున్నచోట మల్టీమీటర్‌ను కంటిన్యుయిటీలో (వైరు దారి కలిసి ఉంటే మోగే సెట్టింగ్) పెట్టి చూడండి. మోగితే అదే కేబుల్. పని కాగానే ఆ మెలిక విప్పేయడం మరచిపోవద్దు.

తెలిసిన వెంటనే ప్రతి చివరకూ టేపు అంటించి పేరు రాయండి. గది పని అయ్యేదాకా ఒక్కో వైరుకు విడివిడిగా వైర్ నట్ (వైరు కొసకు తిప్పి బిగించే ప్లాస్టిక్ టోపీ) బిగించి, బాక్సులో పెట్టి, ఖాళీ మూత వేయండి. ఎలక్ట్రికల్ టేపు చుట్టి వదిలేయడం చాలదు. పిల్లలు బేస్‌మెంట్‌లో ఆడుకుంటారు.

సమస్య: బ్రేకర్ ఆపేశాను, అయినా మీటర్‌లో 30, 40 వోల్టులు చూపిస్తోంది

ఎక్కువసార్లు ఇది ఉత్త వోల్టేజే. కరెంటున్న కేబుల్ పక్కనే చాలాదూరం వెళ్ళిన ఖాళీ కేబుల్‌లో ఈ కాస్త వోల్టేజ్ కనిపిస్తుంది. డిజిటల్ మీటర్లు మరీ సున్నితంగా ఉండడం వల్ల దాన్ని పట్టుకుంటాయి. లో-జెడ్ సెట్టింగ్ (మీటరే కాస్త కరెంటు లాగి ఉత్త వోల్టేజ్‌ను పోగొట్టేది) ఉన్న మీటర్‌తో చూస్తే అది సున్నా దగ్గరకు పడిపోతుంది.

పడిపోకపోతే ఆగండి. ఎరుపు, నలుపు, తెలుపు మూడూ ఉన్న కేబుల్‌లో రెండు సర్క్యూట్లు ఒకే న్యూట్రల్‌ను పంచుకుంటూ ఉండవచ్చు. ఒక బ్రేకర్ ఆపినా రెండోది నడుస్తూనే ఉంటుంది. రెండు ఫేజులూ వేర్వేరు కాళ్ళ మీద (ఇంటికి వచ్చే రెండు 120 వోల్టుల లైన్ల మీద) ఉంటే వాటి మధ్య 240 వోల్టులుంటాయి. ఆ ఉమ్మడి న్యూట్రల్ ఊడితే 120 వోల్టుల సామానుకు అంతకంటే చాలా ఎక్కువ వోల్టేజ్ వెళ్ళి కాలిపోతుంది. ఇలాంటి జత బ్రేకర్లు ఒకేసారి ఆపేలా వాటి పిడులు కలిపి ఉండాలి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించండి.

సమస్య: కేబుల్ పొట్టిగా ఉంది, బాక్సు వరకు రావడం లేదు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ముక్క కలిపి, టేపు చుట్టి, ఎలాగూ డ్రైవాల్ వస్తుంది కదా అని గోడలోపల వదిలేస్తారు. మా గోడలో అలాంటి అతుకు ఒకటి దొరికింది. వైర్ నట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంది. దాని పక్కనే స్టడ్ చెక్క. పైన మా పిల్లల గది. ఆ రోజు నుంచి ఈ విషయంలో నేను ఎవరికీ రాజీ సలహా ఇవ్వడం లేదు.

అతుకు అవసరమైతే బాక్సులోనే వేయాలి. ఆ బాక్సుకు మూత ఉండాలి, ఆ మూత గోడ మీద కనిపించాలి, ఎప్పుడైనా విప్పే వీలుండాలి. గోడ మీద ఖాళీ మూత బాగుండదనుకుంటే ప్యానెల్ నుంచి కొత్త కేబుల్ లాగించండి, గోడ తెరిచి ఉన్నప్పుడు అది సులువు. బాక్సులోకి వచ్చాక తొడుగు ఒలిచిన చోటు నుంచి వైరు కనీసం 6 అంగుళాలు ఉండాలి. పొదుపు కోసం 3 అంగుళాలకు కత్తిరిస్తే తర్వాత అవుట్‌లెట్ మార్చేవాళ్ళు తిప్పలు పడతారు.

సమస్య: కేబుల్ పసుపు, దానికి కలిపింది తెలుపు

కొత్త కేబుళ్ళలో పై తొడుగు రంగే మందం చెబుతుంది. తెలుపు 14 గేజ్ (అంకె తగ్గేకొద్దీ వైరు లావు), 15 ఆంపియర్లకు. పసుపు 12 గేజ్, 20 ఆంపియర్లకు. నారింజ 10 గేజ్, 30 ఆంపియర్లకు. 20 ఆంపియర్ల బ్రేకర్ మీద మధ్యలో ఎక్కడైనా తెల్ల కేబుల్ ముక్క ఉంటే ఆ ముక్క వేడెక్కుతుంది, బ్రేకర్‌కు మాత్రం తెలియదు. సన్న ముక్కను మార్చాలి, లేదా బ్రేకర్‌ను 15కు దించాలి.

సమస్య: అన్నీ కలిపాక బ్రేకర్ పడిపోతోంది (ట్రిప్ అవుతోంది)

వేసిన క్షణంలోనే పడితే ఫేజు ఎర్తుకో న్యూట్రల్‌కో తగులుతోంది. డ్రైవాల్ వేశాక మొదలైతే స్క్రూ కేబుల్‌లోకి దిగిందేమో చూడాలి. స్టడ్‌లో కేబుల్ వెళ్ళే రంధ్రం అంచు నుంచి స్టడ్ ముఖానికి 1¼ అంగుళాలు ఉండాలని నియమం పెట్టింది ఇందుకే. అంత దూరం లేకపోతే ఆ చోట ఉక్కు పలక కొట్టాలి. ఒక పలక ఖరీదు చాలా తక్కువ, గోడ మళ్ళీ పగలగొట్టడం మాత్రం అలా కాదు.

కాసేపు నడిచి హీటర్ పెట్టినప్పుడే పడితే అది లోడు. 1500 వాట్ల హీటరొక్కటే పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. బేస్‌మెంట్ చల్లగా ఉంటుంది, పెద్దవాళ్ళు హీటర్ వేసుకుంటారు. ఆ గదికి విడిగా ఒక 20 ఆంపియర్ల సర్క్యూట్ పెట్టించడం మంచిది.

ఏఎఫ్‌సీఐ బ్రేకర్ (వైరింగ్‌లో నిప్పురవ్వలు లేస్తే కరెంటు ఆపేది) పడుతుంటే చాలాసార్లు న్యూట్రల్‌దే తప్పు. ఏదో బాక్సులో రాగి ఎర్తు తీగ తెల్ల వైరు స్క్రూకు తగులుతూ ఉంటుంది, లేదా పక్క సర్క్యూట్ న్యూట్రల్ ఇందులో కలిసిపోయి ఉంటుంది.

సమస్య: జీఎఫ్‌సీఐ అవుట్‌లెట్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేది) రీసెట్ అవడం లేదు

చాలాసార్లు లైన్, లోడ్ వైర్లు తారుమారై ఉంటాయి. ప్యానెల్ నుంచి వచ్చేవి లైన్‌లో, ముందుకు వెళ్ళేవి లోడ్‌లో పెట్టండి. 2020 జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ నుంచి పూర్తయిన బేస్‌మెంట్ అవుట్‌లెట్లకూ ఈ రక్షణ కావాలి. అయితే ఒక్కో రాష్ట్రం, ఊరు ఒక్కో సంవత్సరం కోడ్‌ను పాటిస్తాయి కాబట్టి మీ టౌన్‌షిప్‌లో అడగండి.

సమస్య: ప్లగ్ టెస్టర్ ఎర్తు లేదంటోంది

పాత ఇంట్లో రెండు వైర్ల కేబుల్ కావచ్చు, లేదా బాక్సులో రాగి తీగ ఊడి ఉండవచ్చు. న్యూట్రల్‌నూ ఎర్తునూ ఒక చిన్న ముక్కతో కలిపితే టెస్టర్ బాగానే ఉందంటుంది. అలా ఎప్పుడూ చేయవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ ఊడితే ఫ్రిజ్ బాడీకే ఫేజు వస్తుంది.

డ్రైవాల్ వేసే ముందురోజు

పర్మిట్ తీసుకున్నారా, రఫ్-ఇన్ తనిఖీ (గోడ మూసేముందు వైరింగ్‌ను అధికారులు చూడడం) అయ్యిందా చూడండి. సొంత ఇంట్లో యజమానే వైరింగ్ చేసుకోవడానికి చాలాచోట్ల అనుమతి ఉంటుంది, కానీ తనిఖీ తప్పించుకునే వీలు లేదు. గోడ వెంట ఏ చోటు నుంచైనా 6 అడుగుల లోపు అవుట్‌లెట్ ఉండాలి. ప్యానెల్ ముందు 36 అంగుళాల లోతు, 30 అంగుళాల వెడల్పు ఖాళీ వదలాలి. అక్కడ బట్టల అల్మరా కట్టకండి. పడకగది అయితే బయటపడేంత కిటికీ ఉండాలి, పొగ అలారం మిగతా ఇంటి అలారాలతో కలిసి మోగాలి. గోడకు టేపు కొలత ఆనించి ప్రతి స్టడ్ మధ్య ఫోటో తీయండి, రేపు టీవీ బిగించేటప్పుడు కావాలి.

అల్యూమినియం వైరు, తుప్పు పట్టిన ప్యానెల్, కాలిన వాసన, నీళ్ళ మరకలున్న బాక్సు కనిపిస్తే సొంతంగా ముట్టుకోకుండా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ప్యానెల్ లోపలి పని కూడా వాళ్ళకే వదలండి. మెయిన్ బ్రేకర్ ఆపినా బయటి నుంచి వచ్చే లావు వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది.